మూసాపేట పరిసర కళాశాలల విద్యార్థులకును అధ్యాపకులకును విజ్ఞప్తి

పాఠ్యప్రణాళికలో భాగముగా సమాజసేవను విధించి, దానికి గంటలు నిర్ణయించి, మార్కులు కేటాయించి, తుదకొక సర్టిఫికెట్టును చేతికిచ్చు పద్ధతి మన కళాశాలలయందు స్థిరపడినది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైన జాతీయ సేవా పథకము రెండేండ్లకు 240 గంటల సేవను నియమించినది. పొరుగున ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సమాజసేవా ప్రాజెక్టును విధిగావించినది. ఈ నియమములను మేము నిందింపము. అయితే గంటలు పూర్తియైనచో సేవ పూర్తియైనదను భ్రమవలన బస్తీలకు కలుగుచున్న నష్టమును చెప్పక తప్పదు. మేము కోరు మార్పు ఒక్కటే: ఒక విద్యార్థిబృందమునకు ఒకే బస్తీ, ఒకే పని, సంపూర్ణముగా ఒక విద్యాసంవత్సరము, పిమ్మట అదే పని తరువాతి బృందమునకు అప్పగింపబడవలయును.

మూసాపేట ఇఱుకుసందులలో అద్దెకుండువారిలో హైటెక్ సిటీ వైపు లేచుచున్న భవనములకు కూలికి పోవువారును, అపార్టుమెంట్లలో ఇంటిపని చేయు స్త్రీలును, సనత్‌నగర్, బాలానగర్ కర్మాగారములలో పనిచేయువారును కలరు. తెల్లవాఱగనే మగవారు కూలీల అడ్డాకు చేరుదురు. ఆడవారు వంట ముగించి పనియిండ్లకు పోవుదురు. కళాశాల కాలపట్టిక ప్రకారము పదునొకండు గంటలకు సర్వేకు వచ్చిన విద్యార్థికి కనబడునది తాళములు వేసిన తలుపులే. ఎదురుపడిన నలుగురి మాటలతో కాగితములు నింపి, బ్యానరు పట్టుకొని ఫొటో దిగి వెడలిపోవు ఆ విద్యార్థిని మేము తప్పుపట్టము. ఆ వేళను నిర్ణయించినవారిని తప్పుపట్టుదుము. సాయంకాలములును ఆదివారములును ఈ సేవకు తగిన వేళలని కళాశాలలు అంగీకరించి, ఆ మేరకు పనిదినములలో విరామమీయవలయును.

ఇక చేయదగిన పని యేది? బస్తీకి ఏమి కావలయునో అక్కడి అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను, ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుని ముందుగా అడిగి తెలిసికొనుడు. మా దృష్టిలో అత్యవసరమైనది ఒకటి కలదు. చట్టము ప్రకారము, గడచిన పండ్రెండు నెలలలో కనీసము 90 దినములు నిర్మాణపు పని చేసిన, 18 ఏండ్లు నిండి 60 ఏండ్లు నిండని ప్రతి కార్మికుడును భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనవచ్చును. ఆ మండలి నిధికై కట్టడముల వ్యయముపై సెస్సు వసూలగుచున్నది. అయినను, ఇటుకలు మోయువానికి 90 దినముల పనికి రుజువు తెచ్చుకొనుట, దరఖాస్తు నింపుట, గడువులోగా పునరుద్ధరించుకొనుట ఎంత దుస్సాధ్యమో అడ్డాలో అరగంట నిలుచున్నవారికి బోధపడును. ఇది ఒక్కపూటలో తెమలునది కాదు. తిరస్కరింపబడిన దరఖాస్తును వెంబడించుటకు మరల మరల వచ్చు మనిషి కావలయును. ఇంజనీరింగు చదువుచున్న యువకునికి ఇంతకంటె ఉపయుక్తమైన ప్రాజెక్టు పని అరుదు. ఒడియా, హిందీ మాత్రమే తెలిసిన వలసకూలీలు ఉందురు గనుక, ఆ భాషలు వచ్చినవారొకరు బృందములో ఉండుట మేలు.

కొన్ని జాగ్రత్తలు. కళాశాల ఇచ్చిన లేఖ లేనిదే ఎవ్వరి గడపయు త్రొక్కవలదు. ఇద్దరికి తక్కువగా పోవలదు. పిల్లలకు చదువు చెప్పునపుడు తలుపులు తెఱచియుండవలయును. తల్లిదండ్రుల అనుమతి లేక పిల్లల ఫొటో తీయవలదు. కార్మికుని ఆధార్ కార్డు ప్రతిని మీ ఫోనులో నిలువయుంచవలదు. పని ముగిసిన వెంటనే చెఱిపివేయుడు. డబ్బు ఇత్తుమనియు, పింఛను తెప్పింతుమనియు మాట ఇయ్యవలదు, చేయగలిగినదే చెప్పుడు. రానుపోను ఖర్చులను కళాశాలయే భరింపవలయును, ఏలయన పేదవిద్యార్థికి మెట్రో టిక్కెట్టు సైతము భారమే.

చిన్నపనియని తలంపక నిలబడినవారి కథ మనకు కలదు. 1923 డిసెంబరున కాకినాడ కాంగ్రెసు సభల సందర్భమున జరిగిన ఖద్దరు ప్రదర్శన ద్వారమువద్ద వాలంటీరుగా నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. టిక్కెట్టు కొని తెచ్చిన పిమ్మటనే దారి విడిచినది. ఆ బాలికయే కాలాంతరమున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమెకు ఆనాడు అప్పగింపబడినది టిక్కెట్టు చూచు పని మాత్రమే.

మార్కుల విషయమున కళాశాలలకు మా మనవి: ఫొటోలను సాక్ష్యముగా గైకొనవలదు. విద్యార్థి వ్రాసిన దినచర్యపుస్తకమును, బస్తీవారి నోటిమాటను, అధ్యాపకుడు స్వయముగా వచ్చి చూచిన దానిని ఆధారముగా గైకొనవలయును. ఏ దరఖాస్తు ఎక్కడ నిలిచినదో, ఏ బాలుడు బడి మానినాడో వివరించు ఆ పుస్తకమునే మరుసటి ఏటి బృందమునకు అందజేయవలయును.

ప్రిన్సిపాళ్లు రాబోవు విద్యాసంవత్సరము ఆరంభమునకు ముందే తమ కళాశాలకు నడచిపోదగిన దూరములోని ఒక బస్తీని ఎన్నుకొని, అచ్చటి పెద్దలతో కూర్చుండి పనిని నిర్ణయింపవలసినదిగా ప్రార్థించుచున్నాము. విద్యార్థులారా, ఈ కరపత్రమును మీ విభాగాధిపతి చేతికిచ్చి, మీకు ఏ బస్తీని అప్పగింతురో అడుగుడు.