పది రోజుల మిషనరీలు, పది మాటల తెలుగు

చలికాలం రాగానే విదేశీ క్రైస్తవ బృందాలు తెలుగు పల్లెలకు బయలుదేరతాయి. పది పన్నెండు రోజుల ఈ ‘మిషన్ ట్రిప్పు’కు నెలల తరబడి సన్నాహం జరుగుతుంది. టీషర్టులు అచ్చవుతాయి, విరాళాలు పోగవుతాయి, పిల్లలకు పంచే చాక్లెట్లు సూట్‌కేసుల్లో చేరతాయి. నంద్యాల వైపో ఆళ్లగడ్డ వైపో వెళ్లేవారికి నిజంగా కావలసిన ఏర్పాట్లు వేరు. వాటిలో ముఖ్యమైనదాన్నే అందరూ చివరికి వదిలేస్తున్నారు.

మొదట చూసుకోవలసింది ఆహ్వానం. ఏం పని కావాలో చెప్పవలసింది అక్కడి క్రైస్తవ సంఘం. అమెరికా నుంచి హైదరాబాదుకు రానూపోనూ టికెట్టు సాధారణంగా లక్ష రూపాయలు దాటుతుంది. పదిమంది వస్తే విమానాలకే పది లక్షలు. ఆ డబ్బుతో వచ్చి బడి గోడకు సున్నం కొట్టి పోతామంటే, ఆళ్లగడ్డలో కూలికి మనుషులు దొరకరా అని అడగాల్సి వస్తుంది. అక్కడివారు చేయలేని పని, అక్కడివారే అడిగిన పని ఒకటి తేలాకే టికెట్టు కొనాలి.

తరువాత వీసా. పర్యాటక వీసాతో వచ్చిన విదేశీయుడు చర్చికి వెళ్లవచ్చు, ప్రసంగం వినవచ్చు. తానే ప్రసంగించకూడదు, కరపత్రాలు పంచకూడదు. ఆ పనికి మిషనరీ వీసా వేరే ఉంది. డల్లాస్‌లో స్థిరపడి, అమెరికా పౌరులై, సొంతూరిలో రెండు రాత్రులు సువార్త సభలు పెట్టే తెలుగువారికీ మినహాయింపు లేదు. ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డుదారులు మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లో ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. ఇవన్నీ చిన్న విషయాలని కొట్టిపారేసే బృందం ఒకటి మరిచిపోతోంది. కేసు పడితే అతిథి విమానమెక్కుతాడు, స్టేషన్ చుట్టూ తిరిగేది స్థానిక పాస్టరు.

డబ్బు సంగతీ అంతే. సంఘం పనికని కవరులో పెట్టి ఇచ్చే కానుక, రూపాయల్లో ఇచ్చినా, ఇచ్చినవారు విదేశీయులైతే విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో లేని సంఘం దాన్ని పుచ్చుకోకూడదు. 2020 సవరణ తరువాత ఆ విరాళాలు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు బదలాయించడమూ కుదరదు.

ఆరోగ్యం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు, కుక్కకాటు ముందుజాగ్రత్త గురించి డాక్టరును అడగాలి. ఏప్రిల్, మే నెలల్లో రానేకూడదు. నంద్యాల ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులవి. వైద్య శిబిరం పెట్టే విదేశీ వైద్యులకు ఇక్కడ తాత్కాలిక నమోదు తప్పనిసరి.

ఇక భాష. అసలైన సన్నాహం ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. 1805లో విశాఖపట్నంలో దిగిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ మొదట చేసిన పనుల్లో ఒకటి తెలుగు నేర్వడం. 1810 నాటికి ఇద్దరూ తెలుగు నేలమీదే కన్నుమూశారు. ఆ కొద్ది కాలంలోనే సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హయ్యర్ ఓడ ఎక్కకముందే సంస్కృతం, వైద్యం చదువుకున్నాడు. 19వ శతాబ్దంలో ఎస్.పి.జి. (ఇంగ్లండు సువార్త ప్రచార సంఘం) మిషనరీలు ఆళ్లగడ్డకు దగ్గరి ముత్యాలపాడులో, కలసపాడులో, ఆపైన నంద్యాలలో స్థిరపడ్డారు. నంద్యాలలో వారి పేరుతో హైస్కూలే ఉంది. వారిలో దొరతనం లేదని కాదు. ఊరివారి మాట ఊరివారి నోట వినక తప్పని రోజులు కనుక, విన్నారు. ఇలా భాష నేర్చినవారు ఇంగ్లండు నుంచి వచ్చినవారే కాదు. తిరునెల్వేలి తమిళుడు వి.ఎస్. అజరయ్య 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు, 1912లో దోర్నకల్‌కే బిషప్ అయ్యాడు. ఏళ్ల తరబడి నేర్చినవారి చోటికి పదిరోజుల కోసం వచ్చేవారు కనీసం పది మాటలు నేర్చుకోలేరా? ‘వందనాలు’, ‘అన్నం తిన్నారా’, ‘నొప్పి యాడ’, ‘ఇంక చాలు’ అనగలిగితే ఆళ్లగడ్డ ముసలమ్మ మంచం మీద చోటిస్తుంది. కోస్తా మాట నేర్పే యాప్‌లో ‘యాడ’ (ఎక్కడ) ఉండదు. దానికి రాయలసీమ మనిషి కావాలి. ఆరువారాలపాటు వారానికి ఒక గంట ఫోనులో మాట్లాడే సీమ మనిషి విమాన టికెట్టు కంటే చాలా చవక.

అనువాదకుడు ఉన్నాడు కదా అంటారు. ఆ అనువాదకుల తెలుగు వింటే అసలు దుఃఖం మొదలవుతుంది. వాక్యం ఇంగ్లీషులో పుట్టి, తెలుగు క్రియ తగిలించుకుని బయటికొస్తుంది. అది అనువాదకుడొక్కడి తప్పు కాదు. తెలుగు అచ్చుకూ నిఘంటువుకూ మిషన్లు అంత చేసిన నేలమీద, ఈనాడు నగరాల చర్చిల్లో తెరమీద తెలుగు కీర్తన ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తోంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠతా పాడిన అవ్వల మనవలు బెంగళూరులో ఆ అక్షరాలు చూసి పాడుతున్నారు. బైబిలు 1854లోనే తెలుగులో పూర్తిగా అచ్చయింది. చదవగలిగే పిల్లలు మాత్రం ఏటికేడు తగ్గుతున్నారు. విదేశీయుణ్ణి తెలుగు నేర్వమనే పెద్దలు ముందు సండే స్కూలులో పలక బలపం పెట్టించాలి. నంద్యాల చర్చిలు ఈ ఒక్క పని చేస్తే పది బృందాలు వచ్చినంత మేలు.

చివరిది కెమెరా. ఈ ప్రాంతపు సంఘాల్లో దళితులు ఎక్కువ. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవానికి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు. బాప్తిస్మం ఫొటో ఫేస్‌బుక్కులో పెట్టినవారికి లైకులు వస్తాయి. ఫొటోలోని కుర్రాడి కుల ధ్రువపత్రం మీద తహసీల్దారు విచారణ రావచ్చు. పేరు, ముఖం, ఊరు మూడూ కలిపి ఎక్కడా పెట్టకూడదు. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి అడగాలి, అదీ తెలుగులో.

తిరిగి వెళ్లాక చేయవలసిందీ సన్నాహంలో భాగమే. ఖర్చుల లెక్క ఆతిథ్యమిచ్చిన సంఘానికి పంపాలి. మళ్లీ వస్తే అదే ఊరికి రావాలి. రాలేకపోతే ఆ టికెట్ల డబ్బు, నమోదున్న సంస్థ ద్వారా, ఆ ఊరి తెలుగు పంతులు జీతానికి పంపాలి.

— కుందూవాసి