చేప ఎదురెక్కే వేళ

రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. ఇక గరివిడి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికీ ఇంట్లో కాలు నిలవదు. తువ్వాలు తలకు చుట్టుకుని మగవాళ్లు, గొడుగులతో ఆడవాళ్లు, బడి సంచీ అరుగు మీద గిరాటేసి పిల్లలు... అందరిదీ చెరువు గట్టు దారే. ‘నీరు పొర్లతంది రోయ్’ అన్న ఒక్క కేక చాలు. నీరు పొర్లిందంటే చేప ఎక్కుతుందని అర్థం!

గరివిడి అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది మాంగనీసు, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ. వానాకాలం వస్తే మాత్రం ఊళ్లలో చేపల కబుర్లే. చెరువు నిండి మిగులు నీరు గెడ్డలోకి దూకే చోట, పొలాల నుంచి కొత్త నీరు చెరువులోకి దిగే చోట సాయంత్రమయ్యేసరికి సందడి మొదలవుతుంది. ఒకరు పారే నీళ్లలో వెదురు కొడమ అమరుస్తారు. ఇంకొకరు మోకాలి లోతులో నిలబడి విసురువల విప్పుతారు. పిల్లలకు ఎర్రలు, గాలమే గతి. చీకటి పడితే బ్యాటరీ లైట్ల వెలుతురు... కప్పల బెకబెకలు... మధ్యలో తళుక్కుమంటూ పరిగ పిల్ల. ఎవరి బుట్టలో బొమ్మిడాయి పడినా ఆ ఇంట్లో పులుసుకు చింతపండు నానినట్టే!

ఇంతకీ చేపకు ఈ ఎదురీత ఎందుకు? గుడ్లు పెట్టడానికి. వేసవంతా మడుగుల్లో తలదాచుకున్న చేపకు వాన నీటి చల్లదనం, ప్రవాహం తగిలితే కబురందినట్టే. కొత్తగా మునిగిన పొలాల్లో నీరు లోతుండదు. మింగేసే పెద్ద చేపలు తక్కువ, పిల్లలకు తిండి ఎక్కువ. అందుకే పరిగలు, జెల్లలు, వాలుగలు ఆ దారి పడతాయి. కొర్రమీను తీరు వేరు. గడ్డి మధ్య గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. ఎర్రెర్రని పిల్లల గుంపును తల్లీతండ్రీ రెండూ కాపలా కాస్తాయి. వేటగాడికి ఆ గుంపే ఆనవాలు. పెద్ద చేప గాలానికి చిక్కిందా... దిక్కులేని పిల్లలు కప్పలకూ ఇతర చేపలకూ పలారమే.

బొచ్చె, శీలావతి సంగతికొస్తే అవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. ఒకప్పుడు వీటి పిల్లల కోసం నదుల వెంట తిరగాల్సి వచ్చేది. 1957 జులై 10న మన పొరుగునే, ఒడిశాలోని అంగుల్‌లో, డాక్టర్ హీరాలాల్ చౌధురి బృందం పీయూష గ్రంథి రసం ఎక్కించి చేపతో గుడ్లు పెట్టించింది. జులై 10ని దేశమంతా చేప రైతుల దినోత్సవంగా జరుపుకొనేది అందుకే. కిలో బరువున్న ఆడ శీలావతి 2 లక్షలకు పైగా గుడ్లు పెడుతుంది. హేచరీ ఉంటే చాలు, ఊరి చెరువుకు పిల్లలకు కొదవేముంది?

పరిగకు హేచరీ ఎక్కడుంది? బొమ్మిడాయి పిల్లల్ని తెచ్చి చెరువులో వదిలేదెవరు? ఈ రెండు మూడు సాయంత్రాల్లో గట్టు దాటి పైకెక్కిన చేపే వాటికి విత్తనం. ఈ ఏడు బొచ్చె అయిపోతే వచ్చే ఏడు కొని తెచ్చుకోవచ్చు. పరిగ అయిపోతే కొనడానికి ఎక్కడా దొరకదు. పెద్ద నోటి వాలుగనే చూడండి, ఒకప్పుడు ప్రతి చెరువులోనూ మామూలు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఇప్పుడు దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది.

తాతల నాడూ ఎక్కే చేపనే పట్టారు, కాదనలేం. కాకపోతే వెదురు కొడమ ఒక పాయకే అడ్డం. దాని సందుల్లోంచి చిన్నవి జారిపోతాయి, పక్క పాయలోంచి పెద్దవి దాటిపోతాయి. ఇప్పుడు దోమతెర ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టేస్తున్నారు. అది వేటా, ఊడ్పా? చెరువులో విషం కలపడం, తూటా పేల్చడం నేరమని 1897లోనే చట్టం వచ్చింది. గుడ్డ తెర కూడా చేసే పని అంతకు మరీ తక్కువదేం కాదు.

ఇదే జిల్లాలోని చింతపల్లి, కోనాడ తీరాల్లో చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు, మోటారు పడవలు ఒడ్డెక్కాల్సిందే. సముద్రపు చేపకు దొరికిన ఆ సెలవు చెరువు చేపకు గట్టు మీద ఎవరూ ఇవ్వరు. పైగా గుడ్లతో ఉన్న చేపకే గిరాకీ. జన వేపుడంటే ఎవరికి చేదు? మృగశిర కార్తె రోజున చేప తినాలన్న ఆనవాయితీ కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది మరి!

అడ్డుతెర తీసి సగం పాయ వదిలేస్తే ఆ రాత్రి బుట్ట కాస్త వెలితిగా ఉంటుంది. పైకెక్కిన పరిగల పిల్లలు మాత్రం పొలాల్లో నీరు తీసే వేళకు, వేలెడంతై, అదే కాలువలోంచి చెరువులోకి దిగుతాయి.