చెవితో రాసే కోడు

చూపులేని కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే మౌస్‌తో పనిలేదు. మానిటర్ ఆపేసినా ఫర్వాలేదు. కీబోర్డూ, ఇయర్‌ఫోన్సూ ఉంటే చాలు. తెరమీద ఏముందో చదివి చెప్పే బాధ్యత స్క్రీన్‌రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే ‘ఫైల్ మెనూ’, ‘సేవ్ బటన్’ అంటూ చెవిలో చెబుతూ ఉంటుంది. బాగా అలవాటైనవాళ్లు దాని వేగం ఎంత పెంచుకుంటారంటే, పక్కన కూర్చుని విన్నా మనకి ఒక్క ముక్కా అర్థంకాదు.

చిక్కల్లా ఎక్కడంటే... సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు బటన్ మీద బొమ్మ గీసి ఊరుకుంటారు, దానికో పేరు పెట్టడం మర్చిపోతారు. అప్పుడు స్క్రీన్‌రీడర్ మాత్రం ఏం చేస్తుంది? ‘బటన్... బటన్... బటన్’ అంటుంది. అందులో డబ్బు పంపేది ఏదో, రద్దు చేసేది ఏదో తెలిసేదెలా? కంపెనీకి మెయిల్ పెట్టి ఎదురుచూడొచ్చు. లేదంటే ఆ బటన్లకి మనమే పేర్లు పెట్టుకోవచ్చు! దాన్నే స్క్రిప్టింగ్ అంటారు. ఏ దేవరకొండలోనో, జడ్చర్లలోనో డిగ్రీ చదువుతూ ఈ సరదా పట్టుకున్న కుర్రాడు మీ ఇంట్లో ఉన్నాడనుకోండి. అతనికి వచ్చే మొదటి సందేహం ఒకటే: ‘ఏ లాంగ్వేజీ నేర్చుకోవాలి?’

అది అతను వాడే స్క్రీన్‌రీడర్‌ని బట్టి ఉంటుంది. వీటిలో బాగా పాతది, పేరున్నది ‘జాస్’. టెడ్ హెంటర్ అనే అమెరికన్ మోటార్‌సైకిల్ రేసర్ 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకుని, కంపెనీ పెట్టి, 1989లో జాస్‌ని విడుదల చేశాడు. దీనికి సొంత స్క్రిప్టింగ్ భాష ఉంది. పాతకాలం బేసిక్ తెలిసినవాళ్లకి కొత్తగా అనిపించదు. కానీ అది జాస్‌లో తప్ప ఇంకెక్కడా పనికిరాదు. పైగా లైసెన్సు ఖరీదెక్కువ. లైసెన్సు లేకపోతే 40 నిమిషాలు పనిచేసి ఆగిపోతుంది, మళ్లీ కంప్యూటర్ రీస్టార్ట్ చేసుకోవాల్సిందే. ఆఫీసువాళ్లు జాస్ కొనిచ్చి ‘పనిచెయ్’ అంటే ఆ భాష నేర్చుకోవాలి. ఇంట్లో సరదాకైతే వద్దంటాను.

రెండోది ఎన్‌వీడీఏ. ఇది పూర్తిగా ఉచితం. ఆస్ట్రేలియాకి చెందిన మైఖేల్ కరన్, జేమ్స్ టే ఇద్దరూ చూపులేనివాళ్లే. చిన్నప్పుడు ఓ సంగీత శిబిరంలో స్నేహితులయ్యారు. ‘కళ్లున్నవాళ్లు కంప్యూటర్ కొంటే తెర కోసం విడిగా డబ్బు కట్టరు కదా, మేమెందుకు కట్టాలి?’ అన్నట్టుంటుంది వాళ్ల ధోరణి. 2006లో కరన్ దీన్ని మొదలుపెట్టాడు. చాలావరకు పైథాన్‌లో రాసిందే. కాబట్టి దీనికి జోడించే చిన్న ప్రోగ్రాములనీ పైథాన్‌లోనే రాయాలి. నేర్చుకున్న విద్య స్క్రీన్‌రీడర్ దగ్గరే ఆగిపోదు. రేపు ఉద్యోగం వెతుక్కునేటప్పుడూ అదే పైథాన్ అక్కరకొస్తుంది. నా ఓటు దీనికే.

పద్ధతి కూడా తేలిక. నోట్‌ప్యాడ్ కోసం కోడు రాస్తే ఆ ఫైలుకి నోట్‌ప్యాడ్ అనే పేరే పెట్టాలి. ఆ ప్రోగ్రాం తెరవగానే ఎన్‌వీడీఏ ఆ ఫైల్ని వెతుక్కుని తెచ్చుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లోకి రాగానే ‘బీప్’ మనేలా చేయడం మొదటి పాఠం, నాలుగైదు లైన్లకి మించదు. ఇన్సర్ట్, కంట్రోల్, జడ్ కలిపి నొక్కితే పైథాన్ కన్సోల్ వస్తుంది, అక్కడ ఒక్కో లైనూ రాసి వెంటనే వినొచ్చు. ఎఫ్‌3ని ఇన్సర్ట్, కంట్రోల్‌తో కలిపి నొక్కితే మార్చిన కోడు అప్పటికప్పుడు అమల్లోకి వస్తుంది.

అయితే పైథాన్‌తో ఓ పేచీ ఉంది. చాలా లాంగ్వేజీల్లో కోడుని మీసాల బ్రాకెట్ల మధ్య పెడతారు. జావా, సీ అలాంటివే. బ్రాకెట్ అయితే చెవికి వినపడుతుంది. పైథాన్‌కి బ్రాకెట్లు లేవు. లైను ఎంత లోపలికి జరిగి ఉంది, ఎన్ని ఖాళీలు ఉన్నాయి అన్నదే లెక్క. కళ్లతో చూసేవాళ్లకి ఇది ఎంతో అందంగా కనిపిస్తుంది. కళ్లులేనివాడికి ఖాళీ ఎలా వినపడుతుంది? ఒక్క స్పేస్ తక్కువైనా ప్రోగ్రాం నడవదు. అంతకంటే ఘోరం, ఒక్కోసారి నడిచి తప్పు పని చేస్తుంది. ‘మాకు పైథాన్ వద్దు బాబోయ్’ అని పారిపోయినవాళ్లు ఇందుకే పారిపోయారు.

దీనికీ మందు ఉంది. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో లైను ఇండెంటేషన్ చెప్పమనే ఆప్షన్ ఉంది. దాన్ని మాటల్లో పెట్టుకుంటే ‘నాలుగు స్పేస్’, ‘ఎనిమిది స్పేస్’ అని చెబుతుంది. స్వరాల్లో పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. లైను లోపలికి వెళ్లేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, వెనక్కి వచ్చేకొద్దీ తగ్గుతుంది. హార్మోనియం మెట్ల మీద వేలు ఎక్కి దిగినట్టు! కొన్నాళ్లకి కోడు ఆకారం చెవికి పట్టుబడిపోతుంది. ఒకటే నియమం, ట్యాబులూ స్పేసులూ కలపకూడదు. నాలుగు స్పేసులకి కట్టుబడి ఉంటే గొడవలేదు.

ఇక మన తెలుగు సంగతి. డీటీపీ సెంటర్లలో ఏళ్లతరబడి అను ఫాంట్లతో తయారైన తెలుగు పుస్తకాలూ, నోట్సులూ ఉన్నాయి కదా. తెరమీద అవి చక్కటి తెలుగే. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లిషు అక్షరాలూ, గుర్తులూను! ఫాంటు వాటికి తెలుగు వేషం కడుతుంది, అంతే. స్క్రీన్‌రీడర్‌కి వేషం కనపడదు కాబట్టి లోపలున్న గజిబిజినే చదువుతుంది. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే కుర్రాడి చేతికి అలాంటి ఫైలు వస్తే ఉన్నా లేనట్టే. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాయడం ఈ సరదా ఉన్నవాళ్లకి మంచి లక్ష్యం. ఒక గుర్తుకి ఒక అక్షరం అని పట్టిక వేసేస్తే సరిపోదు. తలకట్టు ఒకచోట, దీర్ఘం ఒకచోట, కొన్ని ఫాంట్లలో ఒత్తు అక్షరానికి ముందే వచ్చి కూర్చుంటుంది. వాటిని సర్దాలి. 2000ల మధ్యలో ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ యాడాన్ ఇదే పని చేసేది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడుతున్న రోజుల్లో వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. చూపులేనివాళ్ల కోసమని చేసింది కాకపోయినా దారి చూపించింది.

ఇలాంటి పనికీ పైథానే మేలు, అదీ మూడో వెర్షన్. రెండో వెర్షన్‌లో తెలుగు అక్షరాలతో వేగడం నరకంగా ఉండేది. మూడులో మామూలు మాటలన్నీ యూనికోడే. ఎన్‌వీడీఏ కూడా 2020 మొదట్లో మూడుకి మారిపోయింది. పాత పాఠాలు చూసి నేర్చుకునేవాళ్లు ఇది గమనించాలి, అప్పటి స్క్రిప్టులు ఇప్పుడు నడవవు. స్కాన్ చేసిన కాగితాలైతే టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాముకి తెలుగు గుర్తించడం వచ్చు. దాన్ని పైథాన్ నుంచే పిలవచ్చు.

మిగతావి క్లుప్తంగా. రెండు మూడు కీలకి ఒక పని అప్పగించడం వరకే అయితే ఆటోహాట్‌కీ చాలు. లైనక్స్ వాడేవాళ్ల ఓర్కా కూడా పైథాన్‌దే. టీవీ రామన్ అనే మన దేశంలో పుట్టిన చూపులేని శాస్త్రవేత్త 1995లో ఈమ్యాక్‌స్పీక్ తెచ్చాడు, అది లిస్ప్‌లో ఉంటుంది. అద్భుతమే గానీ మొదటిరోజే దాని జోలికి వెళ్లొద్దు. సీ ప్లస్‌ప్లస్ సంగతి తర్వాత. కోడు రాయడానికి పైథాన్‌తోపాటు వచ్చే ఐడిల్ స్క్రీన్‌రీడర్‌తో సరిగా పలకదు. వీఎస్ కోడ్ గానీ, మామూలు నోట్‌ప్యాడ్ గానీ నయం. ఇప్పుడు ఏఐని అడిగినా కోడు రాసిచ్చేస్తుంది. కానీ అది లేని కమాండ్లు కల్పించి రాస్తే పట్టుకోవాల్సింది మళ్లీ ఈ చెవులే.

‘చూపులేనివాడికి ఇవన్నీ ఎందుకు?’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. మచిలీపట్నం దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన బొల్లా శ్రీకాంత్‌కి ఇంటర్‌లో సైన్స్ ఇవ్వమన్నారు, కోర్టుకెళ్లి తెచ్చుకున్నాడు, ఎంఐటీలో చదివాడు. అంత దూరం అక్కర్లేదంటే మన ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఉన్నాడు. ఆరో తరగతితో బడి మానేసినా, ఆసు పోసీ పోసీ చెయ్యి నొప్పితో బాధపడుతున్న తల్లి కోసం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. ఇంట్లో కష్టం ఏమిటో తెలిసినవాడు కాబట్టే అది పుట్టింది. ‘బటన్... బటన్’ అని వినీవినీ విసిగిపోయినవాడి స్క్రిప్టూ అలాంటిదే.

ఇంట్లోవాళ్లు చేయాల్సిన సాయం ఒకటుంది. పేరులేని బటన్‌కి పేరు పెట్టాలంటే అది ఏం చేస్తుందో ముందు ఎవరో ఒకరు చూసి చెప్పాలి. చెల్లెలో, బావమరిదో ఒక్క పూట పక్కన కూర్చుని ‘ఎడమ నుంచి మూడోది ప్రింట్, నాలుగోది డిలీట్’ అని చెబితే చాలు. స్క్రిప్టు రాసుకున్నాక ఆ బటన్ల కోసం మళ్లీ వాళ్లని పిలవాల్సిన పని ఉండదు.