చదవకుండా చూడగలరా?

తెలుగు ఎమ్మే పుచ్చుకుని, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెప్పుకు బతుకుతున్నవాణ్ణి. నాకు చదవడం రాదని ఎవరూ అనలేరు. కాని చదవకుండా ఉండడం రాదని మొన్న ఆదివారం తేలిపోయింది.

మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు కంప్యూటరు తెచ్చి ముందు పెట్టింది. "మామయ్యా, ఒక్కొక్క మాటే వస్తుంది. మాటతో నీకు పని లేదు. అక్షరాల రంగు చూసి మీట నొక్కు. విసుగేస్తే మధ్యలో లేచిపోవచ్చు" అంది.

ఇదేమంత భాగ్యం అనుకున్నాను. "నీలం" అనే మాట ఎర్రటి అక్షరాలతో వచ్చింది. నా వేలు తిన్నగా నీలం మీట మీదికి పోయింది! ఇలా పదకొండు తప్పులు.

స్ట్రూప్ అనే అమెరికా ఆయన 1935లో ప్రచురించిన పరీక్షట ఇది. చదవడం అలవాటైన మనసు చదవకుండా ఊరుకోదు. ఆయన అట్టల మీద చూపించినది మా పిల్ల జేఎస్‌సైక్ అనే ఉచిత సాధనంతో ఇంటర్నెట్టులో పెట్టింది. దాన్ని వివరిస్తూ ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి 2015లో వ్యాసం వచ్చింది. నాటకానికి రంగాలు కూర్చినట్టు ఏ మాట, ఏ రంగు, ఏ మీట అని వరస రాసియిస్తే చాలు. అది పేకముక్కల్లా కలిపి చూపించి, నొక్కిన మీటా, పట్టిన కాలమూ సెకనులో వెయ్యోవంతుల లెక్కన రాసుకుంటుంది. తెలుగు అక్షరాలైనా దానికి ఒకటే.

తరవాత మా అమ్మాయి కూచుంది. ఇంగ్లీషు మీడియం, పదో తరగతి. ఇంగ్లీషు మాటల దగ్గర నాలాగే తడబడింది. తెలుగు మాటలకు మాత్రం ఒక్క తప్పు లేదు, చకచకా నొక్కేసింది.

"చూశారా, తండ్రిని మించిపోయింది!" అని మా ఆవిడ మురిసిపోయింది.

మేనకోడలు నవ్వలేదు. "అది కాదత్తయ్యా, తెలుగు మాటలు దానికి అడ్డం రాలేదు..." అని నా మొహం చూసి ఆగిపోయింది. "ఇద్దరితో చేస్తే శాస్త్రం కాదులే మామయ్యా" అని సర్దింది.

శాస్త్రం కాకపోవచ్చు. నాకు అర్థమయింది. ఇంటినిండా తెలుగు పుస్తకాలే. నా కూతురి కంటికి అవి వట్టి రంగులు.

ఆ రాత్రి నుంచి అమ్మాయి రోజూ నాకు రెండు పేజీలు పైకి చదివి వినిపిస్తోంది. వేసవి సెలవుల్లో మళ్ళీ పరీక్ష. కూతురు తప్పాలని కోరుకునే తండ్రి ఉంటాడా? నేనున్నాను.