ఏడు లంగాలేనా చూసేది?

పోర్చుగల్‌లోని నజరే ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల ఊరు. ఇప్పుడు పేరున్న విహారస్థలం. వెళ్లినవాళ్లంతా అక్కడి ఆడవాళ్ల ఏడు లంగాల కట్టుకి కెమెరాలు తీస్తారు. నేనూ తీశాను, దాచడమెందుకు! కానీ ఒడ్డున వల బిగించిన చట్రాలమీద చేపలు ఎండబెట్టి అమ్ముతున్న నల్లబట్టల పెద్దావిణ్ణి తీయబోతే చెయ్యాడలేదు. అక్కడ నలుపంటే భర్త పోయిన గుర్తు. 1980ల్లో రేవు కట్టేదాకా మగవాళ్లు ఇసుకలోంచే పడవల్ని అలల్లోకి నెట్టుకుపోయేవారు. ఎందరో తిరిగి రాలేదు. 2020లో ఓ జర్మన్ సర్ఫర్ ఇక్కడే 86 అడుగుల అలమీద రికార్డు కొట్టాడు. ఇప్పుడు ఆ అలల్ని చూడ్డానికే జనం వస్తున్నారు. సరే, రానీండి. ఆవిడ లంగాలు చూసి ముచ్చటపడేవాళ్లు ఆవిడ సరుకు కొనరేం? నేను రెండు పొట్లాలు కట్టించుకున్నాను. బేరమాడలేదు.