నీడ ఎంత సాగితే అసర్?

మొన్న మధ్యాహ్నం మూడింటికి దోహాలో అజాన్ వినబడగానే, ఊరినుంచి కొత్తగా వచ్చిన మా కడప కుర్రాడు తలెత్తి చూశాడు. "ఏందన్నా ఇది, జుహర్ చదివి ఎంతసేపైందని?" సాయంత్రపు నమాజు, అసర్ అజాన్ అని చెప్తే నమ్మలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబం వాడిది. వాడికి తెలిసిన అసర్ ఎండ చల్లబడ్డాక, టీ అంగళ్ల ముందు జనం చేరేటప్పుడు వస్తుంది.

కడపలోనూ హైదరాబాద్‌లోనూ మనవాళ్లలో ఎక్కువమంది హనఫీ పద్ధతివాళ్లు. నిలబెట్టిన కర్ర నీడ, మిట్టమధ్యాహ్నపు నీడ పోగా, కర్రకు రెండింతలు సాగితేనే వాళ్లకు అసర్. ఖతార్‌లో నడిచేది హన్బలీ పద్ధతి. నీడ కర్రంత పడితే చాలు. ఈ రెండు నీడల మధ్య ఇంచుమించు గంట తేడా ఉంటుంది. తేడాలు అంతటితో ఆగవు. ఫాతిహా ముగియగానే ఇక్కడి మసీదు మొత్తం ఒక్క గొంతుతో ఆమీన్ అంటుంది, మనం లోపల్లోపలే అనుకుంటాం. ఇక్కడ చేతులు ఛాతీ మీద, మనకు బొడ్డు కింద. సలాం తిప్పాక మావాడు ఇమాం దువా చేయిస్తాడని చేతులెత్తి కూర్చున్నాడు. చుట్టూ చూస్తే సగంమంది అప్పటికే చెప్పుల దగ్గరున్నారు.

ఇక్కడ కూలీకి నమాజు వేళలు పనివేళలతోనే ముడిపడి ఉంటాయి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని నిషేధం. జుహర్, అసర్ రెండూ ఆ విరామంలోనే వచ్చేస్తాయి. చలికాలంలో అవే రెండు నమాజులు పని మధ్యలో పడతాయి, ఫోర్‌మన్ మనసెట్లా ఉంటే అట్లా. తెల్లవారుజామున చదివే ఫజర్ సంగతి ఇందుకు తలకిందులు. వేసవిలో మూడుంపావుకే అజాన్ కాబట్టి బస్సెక్కేలోపు చదువుకోవచ్చు. డిసెంబరులో అజాన్ అయ్యేసరికి బస్సు సగం దారిలో ఉంటుంది.

చూడవచ్చినవాళ్లు 2011 డిసెంబరులో తెరిచిన ఇమాం అబ్దుల్ వహాబ్ మసీదు దగ్గరో, అయిదు స్తంభాల మీద నిలబడిన ఎడ్యుకేషన్ సిటీ మసీదు దగ్గరో ఫోటోలు దిగుతారు. అందమైనవే, కాదనను. కానీ నాకు ఖతార్ మసీదు అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో శుక్రవారం రోడ్డుమీదికి పొంగే వరసలే. చాలామంది కూలీలకు సెలవు ఆ ఒక్కరోజే. చోటు చాలక అట్టముక్కలు పరుచుకుంటారు. ఖుత్బా ప్రసంగం అరబ్బీలో సాగుతుంది. నా పక్కన కూర్చునే బెంగాలీకి ఎంత అర్థమవుతుందో నాకూ అంతే. ఇంజనీరు, హెల్పరు భుజం భుజం కలుపుతారని చెప్పుకుంటాం. నిజమే, కలుపుతారు. నమాజు కాగానే ఒకరు ఏసీ కారెక్కితే ఇంకొకరు క్యాంపు బస్సెక్కుతారు. కాబట్టి సమానత్వం గురించి నేను పెద్ద మాటలు చెప్పను.

నన్ను ఆకట్టుకునేది వేరొకటి. ఒకే వరసలో సూడానువాడు చేతులు కిందికి వదిలేసి నిలబడతాడు, పఠాను బొడ్డు కింద కట్టుకుంటాడు, ఖతారీ ఛాతీ మీద పెట్టుకుంటాడు. ఇదేంటని ఎవరూ ఎవరినీ అడగరు. అదే మనవాడొకడు పదేళ్లు గల్ఫులో ఉండి ఊరికొచ్చి మసీదులో గట్టిగా ఆమీన్ అన్నాడా, తలలన్నీ అటు తిరుగుతాయి. అది అక్కడితో ఆగక మసీదు కమిటీ చీలిపోయిన ఊళ్లున్నాయి. ఈ పంచాయితీ కొత్తదేం కాదు. కాశీలో ఒక మసీదులో ఆమీన్ గట్టిగా అన్నందుకు పుట్టిన కేసు 1885లో అలహాబాదు హైకోర్టుదాకా వెళ్లింది. పాపం, జస్టిస్ సయ్యద్ మహమూద్ దానిమీద పేజీలకు పేజీలు రాయాల్సి వచ్చింది. మరి ఖతార్ మసీదు వరసల్లో ఆ ఓర్పు ఎట్లా వచ్చిందంటారా? వరసలో నిలబడే చాలామందికి ఇది సొంత ఊరు కాదు, కమిటీలో కుర్చీ లేదు. అదే కారణమని నా అనుమానం.

మావాడు ఆరోజు మూడింటి జమాత్‌లో నిలబడ్డాడు గానీ మనసొప్పలేదు. బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేశాడు. మనకంటే ఖతార్ గడియారం రెండున్నర గంటలు వెనక.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఇప్పుడే అసర్ చదువుకొని లేచినా నాయనా."