ఎకనామిక్స్‌కు ఎన్ని పీరియడ్లు?

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ శాఖాధిపతికి ఏటా వేసవిలో ఓ లెక్క తప్పదు. ఏ గ్రూపులు పెట్టాలి? ఎవరు ఏ పేపరు చెప్పాలి? ఎవరికెన్ని పీరియడ్లు? కొరత గురించి, ఎంపిక గురించి ఏడాదంతా పాఠం చెప్పే మనిషికి ఆ రెండూ తన బల్లమీదికే వచ్చి కూచుంటాయన్నమాట.

లెక్క చూడండి. హిస్టరీ, పొలిటికల్ సైన్స్ తోడైతే హెచ్ఈపీ. హిస్టరీ బదులు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వస్తే ఈపీపీ. రెండు గ్రూపుల పిల్లల్నీ ఎకనామిక్స్‌కి ఒకే గదిలో కూచోబెట్టి, తరగతికి వారానికి 5 పీరియడ్లనుకుంటే మూడేళ్లకూ కలిపి 15. తెలుగు మీడియం, ఇంగ్లిషు మీడియం విడివిడిగా నడిపితే 30. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలన్నది యూజీసీ నిబంధన. ఇద్దరుంటే 32. బొటాబొటిగా సరిపోయింది! ఇద్దరిలో ఒకరికి బదిలీ అయిందా, గెస్ట్ లెక్చరర్ కోసం ఎదురుచూపులే. ఇక కొత్త పేపరు మాటెవరెత్తుతారు?

ఇదంతా పిల్లలు చేరితేనే. వెనకటికి కొడుకునో కూతుర్నో వెంటబెట్టుకుని తండ్రి కాలేజీకొచ్చేవాడు. అడ్మిషన్ల బల్ల దగ్గర సారు 'ఈ గ్రూపు తీస్కో బిడ్డా' అని ఓ మాట చెప్పేవాడు. 2016లో 'దోస్త్' వచ్చాక ఆ మాటకు చోటు తగ్గింది. ఊళ్లో నెట్ సెంటరు కుర్రాడు ఏ వరసలో ఆప్షన్లు నొక్కితే అదే భవిష్యత్తు. 2008 సంక్షోభాన్ని తమ సిలబస్ పట్టించుకోలేదని ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఓ సంఘమే పెట్టుకున్నారు. మన పిల్లలు అంత గొడవ చెయ్యరు. ఆప్షన్ పెట్టకుండా ఊరుకుంటారు, అంతే.

అసలు చిక్కు లెక్కలతో. ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ చదివినవాళ్లు పదో తరగతితోనే గణితానికి దండం పెట్టేసి ఉంటారు. స్టాటిస్టిక్స్ అంటేనే బెదురు. పాపం బెదురుతున్నారు కదా అని ఆ భాగాన్ని తేల్చేస్తే మూడేళ్లు హాయిగానే గడుస్తాయి. ఎంఏలో ఎకనామెట్రిక్స్ ముందు కూచున్నప్పుడు తెలిసొస్తుంది. ఇండియన్ ఎకనమిక్ సర్వీసుకు ఎకనామిక్స్‌లో పీజీ కావాలి, పరీక్షలో గణాంక పద్ధతులూ ఉంటాయి. ఆ తలుపు డిగ్రీ మొదటి ఏడాదే సగం మూసుకుందని ఆదిలాబాద్ పిల్లకు ఎవరు చెబుతారు?

నిజానికి ఆ పిల్లకు లెక్కలు రాక కాదు. ఇంట్లో పత్తి అమ్మిన లెక్క ఆమెకు తెలుసు. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 8 శాతం లోపుంటేనే ఆ ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 శాతం దగ్గర చేతికొచ్చేది 7,220. అదీ దాటిందా, సీసీఐ కొనదు. ఆరబెట్టే ఓపిక లేనివాడు, అప్పు తరుముతున్నవాడు ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చేస్తాడు. నిష్పత్తులు, సగటు, గ్రాఫు, కనీస ధర సిద్ధాంతం... యార్డులోని తేమ మీటరు దగ్గర లేనిదేముంది? స్టాటిస్టిక్స్‌ను తీసెయ్యడం కాదు, అక్కణ్నుంచి మొదలుపెట్టడం మేలు.

పత్తి ఒక్కటేనా! సింగరేణిలో ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు దాదాపు 40 వేలకు ఎలా తగ్గారో మందమర్రిలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, శ్రమ: ఓ పేపరుకు సరిపడా సరుకది. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరు సహకార సంఘం 1956 నాటిది. జగిత్యాల పల్లెలకు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు సంగతి చెప్పక్కర్లేదు. రైతుబంధు 2018 మే 10న మొదలైంది హుజూరాబాద్ దగ్గరే. రైతుకు నేరుగా నగదు ఇవ్వడం మంచిదా, ఎరువుకు రాయితీ ఇవ్వడం మంచిదా అన్న ప్రశ్న ఇక్కడి పిల్లలకు పుస్తకంలోది కాదు.

మరి ఇవి కోర్సులోకి వచ్చే దారేది? ఉమ్మడి ఆదిలాబాద్ కాలేజీలు కాకతీయ కింద, కరీంనగర్‌వి 2008లో పుట్టిన శాతవాహన కింద. సిలబస్ పైనుంచి వస్తుంది. స్వయంప్రతిపత్తి ఉన్నచోట మాత్రం సొంత పాఠ్యమండలి ఉంటుంది. కరీంనగర్ ఎస్సారార్ కాలేజీకి ఆ వెసులుబాటు ఉంది. 1956లో మొదలై, విశ్వనాథ సత్యనారాయణ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీ అది. మిగతాచోట్ల ఉన్న సందు ప్రాజెక్టు. సీబీసీఎస్‌లో ఆఖరి సెమిస్టరులో దానికి చోటిచ్చారు. చాలాచోట్ల పాత ప్రతులు చేతులు మారుతుంటాయి, అది వేరే కథ!

పిల్లలు అడిగేది మాత్రం ఒకటే... 'గ్రూప్-2కు పనికొస్తదా సార్?' నవ్వుకోవాల్సిన ప్రశ్నేం కాదు. 150 మార్కుల మూడో పేపరు మొత్తం ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధే. తెలంగాణ ఎకానమీకి గైడు బట్టీపట్టడం ఒక పద్ధతి. చివరి ఏడాది పిల్లల్ని నలుగురేసి చొప్పున యార్డుకీ, సొసైటీకీ, గని కాలనీకీ పంపి, తెచ్చిన అంకెల్ని తరగతిలో పట్టికలుగా వేయించడం ఇంకో పద్ధతి. దానికి వారానికి కనీసం రెండు పీరియడ్లు కావాలి. పైన వేసిన లెక్కలో 32కు 30 పోను మిగిలినవి సరిగ్గా ఆ రెండే. బదిలీ ఉత్తర్వులు రాకుంటే!